నల్లా వచ్చిన పొద్దున మా యుద్ధట్యాంకు

మధ్యాహ్నం భోజనం కాగానే టీవీలో యుద్ధాలు చూడడం మావారికి రిటైరయ్యాక అబ్బిన వ్యసనం. మొన్న పద్మారావు నగర్‌లోని మా ఇంట్లో అలాగే రెండో ప్రపంచయుద్ధం నాటి జర్మనీ ట్యాంకొకటి చూస్తుంటే, దాని పైన గిర్రున తిరిగే టోపీ లేకపోవడం చూసి నేను పగలబడి నవ్వాను. టోపీ అంటే ఆయనకు కోపం, టరెట్ అనాలట. మొదట కాల్బలానికి తోడుగా పొట్టి ఫిరంగితో చేశారట, యుద్ధం ముదిరాక శత్రువుల ట్యాంకులను కొట్టడానికి అదే బండికి పొడుగు ఫిరంగి బిగించారట. టరెట్ లేదు కాబట్టి త్వరగా తయారయ్యేది, ఎత్తు తక్కువ కాబట్టి పొదల చాటున దాక్కునేది, కాకపోతే ఫిరంగిని బాగా పక్కకు తిప్పాలంటే మొత్తం బండినే తిప్పాలి. అలాంటిది నా చిన్నప్పుడు లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో మేమూ తయారుచేశామంటే ఆయన నమ్మలేదు. మీరైనా నమ్మండి.

పంద్రాగస్టుకు లైనుకొక బండి అలంకరించి ఊరేగించడం మా కాలనీలో ఆనవాయితీ. ముందటేడు మా లైను చేసిన విమానం రెక్క నడిదారిలో ఊడిపడితే, నాన్నతో పాటు వర్క్‌షాపులో పనిచేసే, మేము పెద్దనాయన అని పిలిచే ఎదురు లైనాయన ఏడాది పొడుగునా ఏడిపించాడు. ఆ ఉక్రోషంలో నాన్న, ఈసారి మొదటి బహుమతి రాకపోతే మీసం తీయించుకుంటానని అందరి ముందూ పందెం కాశాడు. ఆ మీసం సామాన్యమైంది కాదు, అన్నానికి కూర్చునే ముందు కూడా దాన్ని దువ్వుకునేవాడు.

అరటిపండ్ల తోపుడుబండి తెచ్చి, చుట్టూ అట్టలు కట్టి, ఆకుపచ్చ రంగు పూసి, పైన టరెట్‌గా నాయనమ్మ నీళ్ల గంగాళాన్ని బోర్లించి, దానికి ఫిరంగిలా ఒక గొట్టం కట్టాడు. లైనంతా వచ్చి చూసి మెచ్చుకుని పోయింది. తీరా పంద్రాగస్టు పొద్దున బండి బయల్దేరే వేళకు, రెండు రోజులుగా రాని నల్లా వచ్చింది. ఆ రోజుల్లో నల్లా వస్తే పెళ్లిపీటల మీదివాళ్లు కూడా లేచి బిందె పట్టేవాళ్లు. నాయనమ్మ గంగాళం దింపేసింది. నాన్న ఎంత బతిమాలినా వినలేదు.

"నీ జెండా పండుగ ఒక్క పూటనే బిడ్డా, నీళ్లు లేకుంటే ఇంటిల్లిపాదికి తక్లీఫ్ గాదా?"

చేసేది లేక గొట్టాన్ని బండి ముందు అట్టకే తాడుతో కట్టారు. ముఖ్య అతిథికి వందనం చేయబోయి బండిని తిప్పితే ఫిరంగి సూటిగా ఆయన పొట్టకే గురిపెట్టింది. జనం గొల్లుమన్నారు. ఫౌజులో పనిచేసి రిటైరైన ఆ పెద్దమనిషి మాత్రం నవ్వకుండా, బండి చుట్టూ తిరిగి చూసి, అచ్చం జర్మనీ నమూనాలా చేశారని నాన్న చేయి పట్టుకుని ఊపాడు. ఔనంటే చాలు, మీసం దక్కేది. నాన్న నోరు తెరిచేలోగా గుంపులోంచి నాయనమ్మ ముందుకొచ్చింది.

"జర్మనీ గిర్మనీ ఏం లేదు సారూ, నల్లా వచ్చింది, గంగాళం నేనే తీస్కున్న."

మొదటి బహుమతి ఎదురు లైనుకు పోయింది, మాకు రెండోది మిగిలింది. ఆ సాయంత్రమే నాన్న మాట నిలబెట్టుకుని, తువ్వాలుతో మూతి కప్పుకుని ఇంటికొచ్చాడు. మేము నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరుగెత్తాం గానీ, ఆయన అన్నం ముట్టకపోయేసరికి నాకు ఏడుపొచ్చింది. మర్నాడు డ్యూటీకి వెళ్లడానికి మొహం చెల్లక మంచం మీదే కూర్చుండిపోయాడు. అప్పుడు మా వాకిట్లో సైకిల్ దిగాడు ఎదురు లైను పెద్దనాయన. చూస్తే నిన్నటిదాకా మీసమున్న ఆయన మూతి కూడా నున్నగా ఉంది.

"నడువు తమ్మీ, టైమైతుంది. నువ్వొక్కనివే పోతే అందరు నిన్నే చూస్తరు. ఇద్దరం పోతే ఎవల్ని చూడాల్నో తెల్వక వాళ్లే పరేషాన్ అయితరు."

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్లోనూ ముగ్గులకూ పాటలకూ పోటీలు పెడతారు, గెలిచినవాళ్లు కప్పుతో ఫొటో గ్రూపులో పెడితే అందరం చప్పట్ల బొమ్మలు పంపిస్తాం. ఓడినవాళ్లు ఆ పూట ఏం చేస్తుంటారో ఎవరూ అడగరు. వెళ్లి తలుపు తడదామని నాకూ అనిపిస్తుంది, ఏమనుకుంటారోనని ఆగిపోతాను.