పక్క సీటువైపు తిప్పిన స్పీకర్లు

స్కెలెఫ్టియో ఊళ్లో కలపకోత మిల్లు కూలీ స్తూరె తన కారులో పాట పెట్టాడు. గొంతు ఎక్కడో దూరంగా, దుప్పటి కప్పుకుని పాడినట్టు వచ్చింది. స్పీకర్లు బిగించింది పక్కనే నిలబడ్డ స్నేహితుడు హోకన్. మంచివి నొక్కేసి నాసిరకం పెట్టాడని స్తూరె అనుమానం.

"నా స్పీకర్లేవిరా, దొంగ సచ్చినోడా?"

"అవే. పక్క సీట్లో కూర్చుని విను."

కూర్చున్నాడు. పాడేవాడు ఎదురుగా నిలబడ్డట్టుంది. అనుమానం ఇంకా పెరిగింది.

"నడిపేది నేనైతే ఇటెందుకు తిప్పావు?"

"మీ ఆవిడే తిప్పమంది. మాయ్‌లిస్‌కి చెవులు మందగించాయి. సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్లు తనకెదురుగా లేకపోతే పాటలో మాటలు తెలీవంట."

"నాతో అనలేదే?"

"నువ్వు ఎగతాళి చేస్తావని."

స్తూరె పాట ఆపేశాడు. పిలిచినా ఆమె పలకడంలేదంటే అలిగిందనుకుని, గడిచిన చలికాలమంతా తనూ ఆమెతో మాట్లాడటం మానేసి ఉన్నాడు.