ఆర్కుట్‌లో గంజి దావత్

ఇప్పుడైతే ఫోన్ మీద వేలు తగిలితే చాలు, ఏదో ఒక గుంపులో మన పేరు చేరిపోతుంది. చేరిన సంగతి మనకే గుర్తుండదు. ఆ రోజుల్లో అలా కాదు. కంప్యూటర్లో జనం ఒకరినొకరు కలుసుకునే ఆర్కుట్ చిత్తూరుకు కొత్తగా వచ్చిన తిరునాళ్ళ లాంటిది. అందులో ఎక్కడైనా పేరిచ్చామంటే మాట ఇచ్చినట్టేనని నమ్మే మనుషులు కూడా ఉండేవాళ్ళు. మిగతావాళ్ళ సంగతేమో గానీ మా గంజి మామ మాత్రం అలాగే నమ్మాడు. (నా గొప్పలు కూడా కొంత దోహదం చేశాయి. అదెంతో మీరే తేల్చుకుందురు గాని.)

అప్పట్లో నేను మసీదు పక్క సందులో ఇంటర్నెట్ సెంటర్ నడిపేవాణ్ణి. ఉన్న మూడు కంప్యూటర్లలో ఒకటి పనిచేసేది, ఒకటి పనిచేస్తున్నట్టు నటించేది, మూడోది నా చొక్కా ఆరేసుకోవడానికి పనికొచ్చేది. రంజాన్ నెల వస్తే మాత్రం నాకు ఇంకో గౌరవప్రదమైన ఉద్యోగం దొరికేది: సాయంత్రం ఉపవాసం విడిచేవాళ్ళ కోసం మసీదు వెనక పెద్ద పొయ్యి మీద మామ కాచే గంజికి ఉప్పు చూడటం. నూకలు, పెసరపప్పు, మెంతులు, పుదీనా, కొబ్బరిపాలు కలిసి ఉడుకుతుంటే సందు సందంతా ఘుమఘుమలాడేది. కానీ ఉపవాసంలో ఉన్న మామ చుక్క కూడా నాలుక మీద వేసుకోడు. అక్కడున్న తక్కినవాళ్ళూ అంతే. ఉపవాసం లేనివాణ్ణి నేనొక్కణ్ణే. "ఒరే ఇంటర్నెట్టూ, ఉప్పు సూడ్రా!" అని కేక వినపడగానే నేను సెంటర్‌ని గాలికి వదిలేసి పరిగెత్తేవాణ్ణి. పెద్ద గ్లాసుడు తాగితే గానీ నాకు ఉప్పు సంగతి తేలేది కాదు.

"సెంచాతో సూస్తే సాలదా?" అనేవాడు మామ.

"గ్లాసు అడుగున ఎట్లుండాదో చూడద్దా మామా?"

ఆ ఏడు గంజి మిగిలిపోవడం మొదలైంది. కుర్రకారంతా బేకరీల వైపు మళ్ళారు. మసీదు కమిటీ పెద్ద హాజీ సాబు మంచివాడే గానీ, తిండి వృథా అయితే ఓర్చుకోలేడు. ఒకనాడు మామను పిలిచి ఖరాఖండిగా చెప్పేశాడు: "ఈ శుక్రవారం గంజి మిగిలిందంటే ఆ తర్వాత పొయ్యి వెలిగించద్దు. ఖర్జూరాలూ సమోసాలూ పంచుకుందాం." మామ వాళ్ళ నాయన కాలం నుంచీ చల్లారని పొయ్యి అది. ఆయన నేరుగా నా సెంటర్‌కొచ్చి, చొక్కా ఆరేసిన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. "నీ పెట్టెలో చెప్తే ఊరంతటికీ తెలుస్తాదంట గదా. చెప్పరా."

చెప్పాను. ఆర్కుట్‌లో 'మన మసీదు గంజి' అని ఒక కమ్యూనిటీ తెరిచి, పొగలు కక్కుతున్న గంజి డేగిసా ఫోటో పెట్టి, ఈ వాసనకు అలిపిరిలో మెట్లెక్కేవాళ్ళు సగం దారిలో ఆగిపోయి చిత్తూరు బస్సెక్కుతున్నారని రాశాను. (పూర్తిగా అబద్ధమని అనకండి. ఒకాయన చిత్తూరు బస్సెక్కడం నేను కళ్ళారా చూశాను. ఆయనది చిత్తూరే.) ఫోటో పెట్టింది మిట్టమధ్యాహ్నం. ఉపవాసాల్లో ఉన్న జనం ముందు నన్ను తిట్టారు, ఆ తర్వాత చేరారు. గురువారం సాయంత్రానికి రెండు వందలు దాటారు. నేను ఛాతీ విరుచుకుని మామకు చెప్పాను.

"అందరూ ఒప్పుకున్నారా?"

"బటన్ నొక్కి మరీ ఒప్పుకున్నారు మామా!"

ఇక్కడే వచ్చింది చిక్కు. మామ పెళ్ళిళ్ళకు వండిన మనిషి. దావత్‌కి ఇంటింటికీ తిరిగి పిలిచినప్పుడు ఎవరు "వస్తాం" అంటే వాళ్ళ పేరున గుప్పెడు బియ్యం పడాల్సిందే. అదీ ఆయన లెక్క. శుక్రవారం మధ్యాహ్నం ఉప్పు చూడ్డానికి వెళ్ళిన నాకు అటక మీది పెళ్ళి డేగిసా పొయ్యి మీద కనపడింది. నేను అందులో ఈత కొట్టొచ్చు.

"ఇంతెందుకు మామా?"

"నీ రెండు వందల మందికీ సాలద్దా? ఇంతకీ యాడుండారు వాళ్ళంతా? యా వీధి?"

సెంటర్‌కి పరిగెత్తి, మొదటిసారిగా వాళ్ళ ఊళ్ళు చూశాను. కువైట్. దుబాయ్. కువైట్. దమ్మాం. మళ్ళీ కువైట్. చిత్తూరు గంజి మీద బెంగపెట్టుకున్న చిత్తూరువాళ్ళు, చిత్తూరులో తప్ప అన్నిచోట్లా ఉన్నారు. తిరిగొచ్చి చెప్పేసరికి మామ చేతిలో తెడ్డు ఆగిపోయింది.

"కువైట్ నుంచి గంజికి ఎట్లొస్తార్రా సైతానూ?" అన్నాడు. ఆ తర్వాత ఇంకేమీ తిట్టలేదు. మామ తిట్టకపోతే నాకు భయం.

మళ్ళీ సెంటర్‌కి పరిగెత్తి ఈసారి ఒక్క గొప్పా లేకుండా రాశాను: "మీరంతా వస్తారని మామ మీ పేరున గింజలు పోసి వండేసినాడు. ఇది మిగిలితే రేపట్నుంచి పొయ్యి ఎలగదు. మీ వాటాకి ఇంట్లోంచి ఎవరినైనా పంపండి." గల్ఫులో శుక్రవారం సెలవు కావడం మా అదృష్టం. నమాజు చేసొచ్చి గదుల్లో పడుకున్నవాళ్ళంతా ఇళ్ళకు ఫోన్లు చేశారు.

సాయంత్రం అసర్ నమాజు అయ్యేసరికి సందులో క్యారియర్లు, తపేలాలు, చెంబులు. కానీ మామ మామే. ఒకరి వాటా ఇంకొకరికి పోకూడదు, పేరు చెప్పాల్సిందే అన్నాడు. ఆర్కుట్‌లో సొంత పేరు పెట్టుకున్నవాడెవడు? నేను అరుగెక్కి కేకలేశాను.

"డేంజర్ బాయ్! డేంజర్ బాయ్ తాలూకు ఎవరమ్మా?"

ఒకామె కొంగు సర్దుకుంటూ ముందుకొచ్చింది. "మావోడే ఉంటాడప్పా. చిన్నప్పుడు కరెంటు ప్లగ్గులో ఏలు పెట్నాడు."

"లోన్లీ లయన్!"

"అంటే ఏందబ్బా?"

"ఒంటరి సింహం అమ్మా."

"సింహమా! బొద్దింకను సూస్తే మంచమెక్కుతాడు!"

ప్రిన్స్ ఆఫ్ పలమనేరు వాటాకి వాళ్ళ నాయనే వచ్చాడు. "నేను రాజు గాకుండానే వీడెప్పుడు రాజకుమారుడైనాడు?" అని గొణుక్కుంటూ పెద్ద బకెట్టే పట్టుకుపోయాడు. చివరికి హాజీ సాబు గిన్నెతో వచ్చేసరికి మామ డేగిసా వంచి చూపించాడు. అడుగంటిన మాడు తప్ప ఏమీ లేదు. హాజీ సాబు దాన్నే గీకించుకుని, గిన్నెలోకి చూసుకుంటూ, "రేపు నా పేరు కూడా రాసుకో" అన్నాడు.

ఆ ఆర్కుట్ ఇప్పుడు లేదు. మామా లేడు. పొయ్యి ఉంది, మామ కొడుకు గంజి కాస్తున్నాడు. నేను తిరుపతిలో స్థిరపడ్డాను. రోజూ ఎవరో ఒకరు ఫోన్లో ఏదో ఒక సభకు పిలుస్తారు, 'వస్తాను' అన్న బటన్ మీదకు వేలు పోతుంది. నొక్కబోయి ఆగిపోతాను. ఎక్కడో ఎవరో నా పేరున గుప్పెడు బియ్యం పోసేస్తారేమోనని. మసీదు కుర్రాళ్ళు పంపే పిలుపు ఒక్కదానికి మాత్రం ఆలోచించకుండా నొక్కేసి, క్యారియర్ పట్టుకుని చిత్తూరు బస్సెక్కుతాను. ఉప్పు నేనే చూస్తాను. ఇప్పుడు బీపీ మాత్రలు వేసుకుంటున్నాను కాబట్టి చెంచాతోనే. గ్లాసు అడుగున ఎట్లుండాదో మాత్రం ఇప్పటికీ ఒక అనుమానం.