నాంచారయ్య పేరున ఉన్న ఫిల్ము

ముందే చెప్తున్నాను, నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. గుడివాడలో ఒక ప్రైవేటు హైస్కూల్లో ఏళ్ళ తరబడి సైన్సు చెప్పినవాణ్ణి. ఎక్స్ కిరణాలు కండలోంచి దూసుకుపోతాయి, ఎముక దగ్గర ఆగిపోతాయి అని బోర్డు మీద చెయ్యి బొమ్మ గీసి మరీ చూపించేవాణ్ణి. మా ఇంట్లో కూడా గాలి, ధూళి అనే మాటలు చెల్లేవి కావు. మా నాన్న గుడ్లవల్లేరు దగ్గర పల్లెలో చర్చి సంఘానికి పెద్ద. ఎవరికైనా పూనకం వచ్చిందంటే మంచినీళ్ళు తాగించి పడుకోబెట్టమనేవాడు.

కాబట్టి దీన్ని దయ్యం కథ అనను. ఇది నేను చేసిన ఒక వెధవ పని గురించి. అందులో ఒక్కచోట నాకు అంతుపట్టని సంగతి ఉంది. అది చెప్పాలంటే మిగతాదంతా చెప్పాలి. సిగ్గేసి ఇన్నాళ్ళూ చెప్పలేదు.

తొంభై నాలుగు మొదట్లో బందరులో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. గదిలో నాతోపాటు నాంచారయ్య ఉండేవాడు. నాగాయలంక వైపు చేపలు పట్టే పల్లెకారుల కుర్రాడు. వాళ్ళ ఇంట్లో కాలేజీ గడప తొక్కింది వాడొక్కడే. లెక్కల్లో చురుకు. చేతిరాత మాత్రం కోడి గెలికినట్టు ఉండేది. నాది గుండ్రంగా ఉండేది. అందుకని వాడి దరఖాస్తులన్నీ నేనే నింపేవాణ్ణి. స్కాలర్‌షిప్పు, బస్ పాసు, పరీక్ష ఫీజు, ఏదైనా సరే. తండ్రి పేరు, పుట్టిన తేదీ, గుర్తింపు కోసం కుడి చెవి కింద పుట్టుమచ్చ, అన్నీ నాకు కంఠతా వచ్చు. తొందరలో ఉంటే సంతకం కూడా నేనే గీకేవాణ్ణి.

ఆ చలికాలం నాకు దగ్గు పట్టుకుంది. సాయంత్రమయ్యేసరికి జ్వరం. బరువు తగ్గాను. సంగతేమిటో నాకు అర్థమైంది. నాంచారయ్య ఊరికి వెళ్ళిన రోజు చూసుకుని ఒక పాత ఆస్పత్రికి వెళ్ళాను. దాని పేరు చెప్పను. ఓపీ కిటికీ వెనక కూర్చున్నావిడ మా నాన్నతో చర్చి సభల్లో కనిపించే మనిషి. నన్ను గుర్తుపట్టలేదు. కానీ నా పేరూ ఊరూ చెప్తే చాలు, వచ్చే ఆదివారానికల్లా సంఘం మొత్తానికి తెలిసిపోతుంది. టీబీ అంటే మా వైపు ఆ రోజుల్లో గ్లాసు వేరు పెట్టేవాళ్ళు.

"పేరు చెప్పండి" అందావిడ. నా నోట్లోంచి నాంచారయ్య పేరు వచ్చేసింది, ఇంటిపేరుతో సహా. తండ్రి పేరు, ఊరు, వయసు అడిగింది. తడుముకోకుండా అన్నీ వాడివే చెప్పాను. కార్డు మీద వాడి సంతకం పెట్టాను.

ఎక్స్-రే తీశారు. చొక్కా విప్పి చల్లటి ప్లేటుకి రొమ్ము ఆనించి, గడ్డం పైకెత్తి నిలబడ్డాను. ఊపిరి బిగబట్టమన్నారు. బిగబట్టాను. ఇది ఎందుకింత వివరంగా రాస్తున్నానో తరవాత తెలుస్తుంది. ఫిల్ము నాకు చూపించలేదు. డాక్టరు చూసి టీబీయేనని చెప్పి, ఆరు నెలలు మానకుండా మందులు మింగాలన్నాడు.

నేను మూడు నెలలు మింగాను. దగ్గు తగ్గింది, పరీక్షలు అయిపోయాయి, గది ఖాళీ చేశాను, మందులూ మానేశాను. ఆ బిళ్ళలు ఏమిట్రా అని నాంచారయ్య అడిగితే బలానికని చెప్పాను. ఒకే గది, ఒకే మంచినీళ్ళ గ్లాసు. రేపోమాపో సైన్సు పాఠాలు చెప్పబోయే మనిషిని నేను.

రెండేళ్ళ తరవాత, నేను ఉద్యోగంలో చేరాక, అవనిగడ్డ బస్టాండులో వాడు కనిపించాడు. ముందు గుర్తుపట్టలేదు. చొక్కా హ్యాంగరుకి తగిలించినట్టు వేలాడుతోంది. ఎడమ భుజం కిందికి జారి ఉంది. కిందటేడు పడవని ఒడ్డుకి లాగుతుంటే దుంగ మీద పడి మెడ కింద ఎముక విరిగిందని, ఊళ్ళోనే కట్టు కట్టించుకున్నానని చెప్పాడు. చెప్తూ చెప్తూ దగ్గాడు. ఆ దగ్గు ఏమిటో నాకు తెలుసు. వాడి దగ్గరికి అది ఎక్కడినుంచి వచ్చిందో కూడా తెలుసు. మందు ఎక్కడ దొరుకుతుందో చెప్పడానికి ఒక్క మాట చాలు. కానీ అది చెప్తే, నీకెలా తెలుసని అడుగుతాడు.

"ఇంకా అంత గుండ్రంగానే రాస్తున్నావారా?" అని అడిగాడు, నా మొహంలోకి చూస్తూ.

మేస్టరు ఉద్యోగం గురించి అంటున్నాడనుకున్నాను. నవ్వి, గుడివాడ బస్సు వచ్చిందని ఎక్కేశాను. కొన్ని నెలలకి వాడు పోయాడని తెలిసింది. నేను వెళ్ళలేదు.

రెండువేల మూడులో ఒకరోజు పొద్దున్న ముఖం కడుక్కుంటుంటే కళ్ళెలో రక్తం కనిపించింది. గుడివాడలో డాక్టరుగారు ఎక్స్-రే తీయించి, కుడివైపు చిన్న మచ్చ ఉందన్నారు. గతంలో ఎప్పుడైనా టీబీ వచ్చిందా అని అడిగారు. పక్కనే కూర్చున్న మా ఆవిడ "అబ్బే, లేదండీ" అంది. మర్నాడు ఒక్కణ్ణే వెళ్ళి నిజం చెప్పాను. పేరు మార్చిన సంగతి మాత్రం మింగేశాను.

ఆయన నన్నేమీ అనలేదు. ఇది పాత మచ్చో కొత్తదో తేలాలంటే పాత ఫిల్ము పక్కన పెట్టి చూడాలి, ఏ మందులు ఎన్నాళ్ళు వాడారో కాగితం మీద చూడాలి, మధ్యలో మానేసి ఉంటే ఇప్పుడిచ్చే మందులు వేరే అన్నారు. మీ రికార్డు మీరు అడిగితే ఇస్తారు, వెళ్ళి తెచ్చుకోండి అన్నారు.

బందరు వెళ్ళాను. రికార్డుల గది కిటికీ దగ్గర ఒక పెద్దాయన ఉన్నాడు. నాంచారయ్య పేరూ సంవత్సరమూ చెప్తే లోపలికి వెళ్ళి అరగంటకి దుమ్ము దులుపుకుంటూ ఒక గోధుమరంగు కవరు తెచ్చాడు.

"మీరేనా నాంచారయ్య?"

"అవునండీ, నేనే" అన్నాను.

ఆయన కార్డు తిరగేసి చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు. కళ్ళజోడు పైకి తోసి మరోసారి కార్డు చూశాడు.

"ఇందులో చనిపోయారని రాసుందండీ."

మందులు మానేసినవాళ్ళ కోసం ఊళ్ళు తిరిగే ఉద్యోగి ఎప్పుడో వెళ్ళి విచారించి రాసుకొచ్చిన ముక్క అది. అతని బంధువునండీ, తొందరలో అలా అనేశానని నసిగాను. పెద్దాయన నన్ను దొంగని చూసినట్టు చూసి, పోయినవాళ్ళ రికార్డు సొంతవాళ్ళకే ఇస్తాం, తల్లినో భార్యనో రేషన్ కార్డుతో తీసుకురమ్మన్నాడు.

అలా నా సొంత ఫిల్ము కోసం నాంచారయ్య తల్లిని అడుక్కోవాల్సిన గతి పట్టింది.

ఆవిడ పేరు అంకమ్మ. నేను వెళ్ళేసరికి ఇంటి ముందు చేపలు ఎండబెడుతోంది. కొడుకు స్నేహితుణ్ణని నన్ను చూసి ఎంత సంబరపడిందో చెప్పలేను. నిజం చెప్పాలనే వెళ్ళాను. ఆ సంబరం చూశాక నోరు పెగల్లేదు. "నాంచారయ్య కాగితాలు బందరు ఆస్పత్రిలో ఉన్నాయి పిన్నీ, నువ్వు వేలిముద్ర వేస్తే ఇస్తారట" అన్నాను. ఎందుకని అడగలేదు. కొడుకుదేదో ఒకటి చేతికొస్తుందంటే అంతే చాలనుకుంది. వాడి ఫోటో ఒక్కటీ లేదట. హాల్ టికెట్ మీద ఉన్న చిన్న ఫోటో వానకి తడిసి పాడైపోయింది.

మర్నాడు ఉతికిన చీర కట్టుకుని, రేషన్ కార్డు సంచీలో పెట్టుకుని నాతో బస్సెక్కింది. దారిలో నాకు దగ్గు తెర వస్తే మంచినీళ్ళ సీసా మూత తీసి ఇచ్చి, "దగ్గుని అశ్రద్ధ చెయ్యమాక బాబూ, సూపించుకో. మావోడు అట్టాగే పోయాడు" అంది. తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పెద్దాయన ఆవిడ వేలిముద్ర తీసుకుని కార్డు చదివాడు. జనవరిలో చేరాడు, మూడు నెలలు మందులు తీసుకున్నాడు, తరవాత రాలేదు. అంకమ్మ తల అడ్డంగా ఊపింది.

"కాదండీ. మావోడు ఇక్కడ మందులే మింగలేదు. జబ్బు ముదిరాక నేనే తీసుకొచ్చాను, ఈ కిటికీ కాడికే. ముందోసారి మందులు ఎగ్గొట్టి మళ్ళీ ఎందుకొచ్చావని కేకలేశారు. నేను కాదండీ అన్నాడు. ఆ కార్డు తీసి సంతకం సూపించారు. అది సూసి ఇంక మాట్టాడలేదు. పదమ్మా పోదాం అన్నాడు. లోపలికి కూడా ఎళ్ళలేదు. ఏందిరా అంటే, ఆ రాత నేనెరుగుదును అన్నాడు. ఎవరిదో సెప్పలేదు."

అవనిగడ్డ బస్టాండులో వాడు ఎందుకలా అడిగాడో అప్పుడు అర్థమైంది. ఏడేళ్ళ తరవాత. వాడు నన్ను తిట్టలేదు. ఇంకా గుండ్రంగానే రాస్తున్నావా అని మాత్రం అడిగాడు. నేను నవ్వి బస్సెక్కాను.

పెద్దాయన కవరులోంచి ఫిల్ము తీసి ఆవిడకే ఇచ్చాడు. ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, వరండాలో ఎండ పడేవైపు తిరిగి పైకెత్తి చూసింది. అందులో ఏం చూడాలో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. కాసేపటికి ఒకచోట వేలు పెట్టింది.

"ఇదుగో, మావోడికి ఇరిగింది ఇక్కడే. కట్టు సరిగ్గా కుదరలేదు. ఎగుడుదిగుడుగా అతుక్కుంది సూడు బాబూ."

చూశాను. ఎడమవైపు, మెడ కింద అడ్డంగా ఉండే ఎముక మధ్యలో విరిగి, ఒక ముక్క మీద ఇంకో ముక్క ఎక్కి, అక్కడ బొడిపె కట్టి అతుక్కుని ఉంది. చిన్నపిల్లవాడైనా గుర్తుపట్టగలడు. ఫిల్ము మూల తెల్లటి అంకెల్లో నంబరూ తేదీ ఉన్నాయి. తొంభై నాలుగు జనవరి. నేను ప్లేటుకి ఆనుకుని నిలబడిన రోజు.

నాకు ఏ ఎముకా ఎప్పుడూ విరగలేదు. నాంచారయ్య ఎముక విరిగింది ఆ మరుసటి ఏడు. జనవరిలో వాడూ నేనూ ఒకే నూతి దగ్గర స్నానం చేసేవాళ్ళం, వాడి భుజాలు రెండూ సమంగా ఉండేవి. ఆ ఆస్పత్రిలో వాడికి ఎక్స్-రే తీయనే లేదు. ఫిల్ములు తారుమారయ్యాయేమోనని పెద్దాయన్ని బతిమాలి ఆనాటి రిజిస్టరు చూశాను. ఆ నంబరు ఎదురుగా వాడి పేరు, అంటే నేను చెప్పిన పేరు. దాని పైన ఒక ఆడమనిషి, కింద ఆరేళ్ళ పిల్ల. కార్డు మీద డాక్టరు రాసిన నంబరు కూడా అదే.

వరండాలో బల్ల మీద ఆవిణ్ణి కూర్చోబెట్టాను. అక్కడే ఆవిడకి అంతా చెప్పాను. పేరు చెప్పింది నేనేనని, సంతకం నాదేనని, జబ్బు కూడా వాడికి నా దగ్గరనుంచే వచ్చి ఉంటుందని, బస్టాండులో చూసి కూడా చెప్పకుండా పారిపోయానని. చెప్తున్నంతసేపూ నేల చూస్తూనే ఉన్నాను. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనిపించింది.

ఆవిడ ఫిల్ము ఒళ్ళో పెట్టుకుని, దాని మీద దుమ్ము కొంగుతో తుడిచింది. తరవాత అడిగింది.

"ఆ బిళ్ళలు నీకు పన్జేశాయా?"

"చేశాయి పిన్నీ."

"ఎన్నాళ్ళు మింగావు?"

"మూడు నెలలు."

"ఎన్నాళ్ళు మింగాలంట?"

"ఆరు."

"ఈసారన్నా పూర్తిగా మింగు" అంది. లేచి, పెద్దాయన దగ్గరికి వెళ్ళి, ఇది నేను పట్టుకెళ్ళొచ్చా అని అడిగింది. మీదేనమ్మా అన్నాడాయన.

ఆ ఫిల్ము ఒక్కరోజు ఇమ్మని అడగడానికి నాకు నోరు రాలేదు. కార్డులో రాసున్న మందుల పేర్లు మాత్రం కాగితం మీద రాసుకున్నాను. ఆవిణ్ణి అవనిగడ్డ బస్సెక్కించాను. ఈసారి తనతో రమ్మనలేదు, నేనూ ఎక్కలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ నాతో సరిగ్గా మాట్లాడటానికి నెల పట్టింది. డాక్టరుగారు కాగితం చదివి, నా కొత్త ఫిల్ము మళ్ళీ వెలుగులో పెట్టి చూశారు. ఈ మచ్చ కొత్తదేనండీ, పాత జబ్బు ఆనవాలు ఎక్కడా లేదు, నిజంగా మీకేనా అప్పుడు వచ్చింది అని అడిగారు. కొందరికి మచ్చ మిగలదులెండి అని ఆయనే సర్దిచెప్పుకున్నారు. నా అసలు పేరుతో కార్డు రాయించుకుని, ఈసారి ఒక్క పూట మానకుండా చివరిదాకా మింగాను. నయమైంది.

ఏడాదికోసారి నాగాయలంక వెళ్తాను. అంకమ్మ ఆ ఫిల్మును కిటికీకి కట్టింది. పొద్దున్న ఎండ దానిలోంచే ఇంట్లోకి వస్తుంది. వచ్చినవాళ్ళకి మావోడని చూపిస్తుంది. వేలు పెట్టీ పెట్టీ ఆ ఎముక దగ్గర మసకబారింది. నేను వెళ్ళినప్పుడల్లా అన్నం పెడుతుంది. నా పేరు పెట్టి పిలవడం మాత్రం మానేసింది.

అన్నం తింటూ ఆ కిటికీ వైపు చూడకుండా ఉండలేను. అది ఎవరి రొమ్మో తేల్చుకోవాలని ప్రతిసారీ చూస్తాను. చల్లటి ప్లేటూ, గడ్డం ఎత్తడం, ఊపిరి బిగబట్టడం నాకు బాగా గుర్తున్నాయి. ఆ రోజు అక్కడ నిలబడింది నేనే. అంతకు మించి నాకేమీ తెలియదు.