లోపల రాత్రి, లైటు వేయకండి

పరిశోధనశాలలో అందరూ ఆమెను గడియారం మేడమ్ అంటారు. ముఖం మీదే అంటారు, ఆమె ఏమీ అనుకోదు. రక్తం తీసిన గొట్టం మీద తేదీ పక్కన గంట, నిమిషం రాయకపోతే మాత్రం దాన్ని తీసుకెళ్లి చెత్తడబ్బాలో పడేస్తుంది.

"తారీఖు వేశాం కదా మేడమ్!" అని కొత్తవాళ్లు లబోదిబోమంటారు.

"పొద్దున్నే ఉరుకులు పెట్టే నువ్వూ, రాత్రి కునికిపాట్లు పడే నువ్వూ ఒకటేనా? నీ రక్తంలో తెల్లకణాలూ అంతే. గంట గంటకీ వాటి లెక్క మారుతుంది."

ఈ పట్టుదల పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. వాళ్లమ్మ నూలు మిల్లులో ఒక వారం పగలు, ఒక వారం రాత్రి షిఫ్టు చేసేది. ఓసారి యంత్రం ముంజేతిని చీరేసింది. రెండు నెలలైనా పుండు మానలేదు. మిల్లు డాక్టరు కట్టు విప్పి చూసి, "శుభ్రంగా ఉంచుకోవడం రాదా?" అని కసిరి, చీటీ మీద 'నిర్లక్ష్యం' అని రాసిపారేశాడు. పూటపూటకీ వేన్నీళ్లతో కడిగి గుడ్డ మార్చింది పదకొండేళ్ల కూతురే. ఆ మాట ముల్లులా లోపల ఉండిపోయింది. ఎప్పుడు నిద్రపోవాలో తెలియని ఒంట్లో గాయం ఎందుకు మానదో తేల్చడానికి ఇరవై రెండేళ్లుగా ఎలుకలతో కుస్తీ పడుతోంది.

ఎలుకలు రాత్రి తిరిగే ప్రాణులు. వాటి రాత్రిని మన పగటికి తేవడానికి ఒక గదిని తలకిందులు చేసింది: రాత్రంతా దీపాలు, పగలంతా చీకటి. పని చేసుకోవడానికి, ఎలుకల కంటికి అంతగా ఆనని మసక ఎర్రబల్బు. తలుపు మీద ఆమె రాసిన అట్ట: "లోపల రాత్రి. లైటు వేయకండి."

ఆరు వారాల శ్రమ చేతికందాల్సిన రోజు అది. నాలుగు గంటలకోసారి రక్తం తీయాలి. ఎనిమిదింటిది అయిపోయింది. పన్నెండింటి దానికి సరంజామా పట్టుకుని వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. గది ధగధగలాడుతోంది. లోపల డైరెక్టరు, వెంట నలుగురు అతిథులు. బోనుల్లో ఎలుకలు మూలలకు ముడుచుకుపోయాయి. వాటికి అర్ధరాత్రి సూర్యుడు పొడిచాడు.

"సార్! అట్ట చూడలేదా?"

"చూశానమ్మా. చీకట్లో వీళ్లకేం చూపించను? నాలుగు నిమిషాలేగా. అయినా నేనిక్కడ డైరెక్టర్ని, ఎలుకని కాదు."

అతిథులు నవ్వారు. బోనులు కడిగే ముసలాయన, అందరూ ఎలుకల తాత అని పిలిచే ఆయన, గోడకానుకుని గొణిగాడు: "నేను చెప్పానమ్మా. తాళంచెవి లాక్కున్నారు."

ఆ వెలుగుకి ఎలుకల ఒంట్లో గడియారం చెదిరి, ఆ రోజు లెక్కలు ఎందుకూ కొరగాకుండా పోయాయి. అంతటితో ఆగితే ఎలాగో సర్దుకునేది. వారం తర్వాత డైరెక్టరు గారి నివేదిక వచ్చింది: 'పరిశోధకురాలి నిర్వహణ లోపం వల్ల ప్రయోగం విఫలమైంది.'

సాయంత్రం ఆ కాగితం అమ్మకు చదివి వినిపించింది. ఆవిడ ముంజేతి మచ్చను వేలితో తడుముకుంటూ, "నిర్వహణ లోపమా? నాకు రాసిన మాటే కదే. కోటు తొడిగాడంతే," అంది. "నువ్వూ నాలాగే నోరు మూసుకుని వచ్చావా?"

ఎలుకల గది గోడ మీద, ఏ నిమిషానికి ఎంత వెలుగుందో గీసే యంత్రం ఉంది; మర్నాడు ఆమె దాన్నుంచి ఆ రోజు కాగితం చింపి తెచ్చింది. నివేదికలో ఆ వాక్యం కొట్టేసి ఇలా రాసింది: 'పదకొండు నలభై ఒకటికి డైరెక్టరు తెల్లలైటు వేశారు. నలభై ఐదుకి ఆర్పారు. అందువల్ల ఆ రోజు లెక్కలు తీసేశాం. ఎలుకల్ని చూసుకునేవారి తప్పు లేదు.'

డైరెక్టరు చదివి తలుపు దగ్గరికి వేశాడు. "ఎందుకమ్మా ఈ పంతం? సాంకేతిక కారణాలు అని రాసెయ్. వచ్చే ఏడాది కూడా గది నీకే ఉంటుంది."

"లైటు వేసింది సాంకేతిక కారణమా సార్, మీ చెయ్యా?"

"గది పోతుంది, ఆలోచించుకో."

"గది మీరు తీసుకోండి. నా వాక్యం మాత్రం ముట్టుకోకండి."

అక్కడే నిలబడి సంతకం పెట్టింది. తేదీ వేసింది. పక్కనే గంట, నిమిషం కూడా.

వాక్యం ఉండిపోయింది, గది పోయింది. ఇప్పుడు అందులో విరిగిన కుర్చీలు పేర్చారు. లైటు మాత్రం పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది. ఆర్పేవాడు లేడు.