డేగమ్మ పిల్లికొచ్చిన దగ్గు

బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఆవిడకు కండక్టర్లు పెట్టుకున్న పేరు డేగమ్మ. ఆమె ఏ స్టాపులో ఎక్కుతుందో, ఎవరి సీటు దగ్గర ఆగుతుందో ముందుగా పసిగట్టినవాళ్ళు లేరు. ఎదుటివాళ్ళు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. టికెట్ కొననివాడు కిటికీలోంచి బయటికి చూస్తాడనీ, కొని పారేసుకున్నవాడు కాళ్ళ కిందికి చూస్తాడనీ, అబద్ధమాడబోయేవాడు ముందు గొంతు సవరించుకుంటాడనీ ఆమె లెక్కలు ఆమెకున్నాయి.

అది పుట్టుకతో వచ్చిన బుద్ధి కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె కండక్టరు. ఒకరోజు తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన "పాసు ఇంట్లో మర్చిపోయానమ్మా, నీ తండ్రిలాంటివాణ్ణి" అంటే నమ్మి వదిలేసింది. రెండు స్టాపులు దాటాక తనిఖీవాళ్ళు ఎక్కారు. పెద్దమనిషి ఆమెవైపు వేలు చూపించి, "నేను అడిగాను, ఈమే టికెట్ ఇవ్వలేదు" అన్నాడు. మెమో ఆమెకొచ్చింది. ఆనాటినుంచి తండ్రిలాంటివాళ్ళను కూడా టికెట్ చూశాకే తండ్రి అనుకోవడం నేర్చుకుంది.

భర్తది వేరే మట్టి. ఇంటి వెనక ఖాళీ జాగాలో మొక్కల నర్సరీ నడుపుతాడు. విత్తనం ఇవాళ మొలవకపోతే రేపు మొలుస్తుందిలే అనుకునే మనిషి. మూడేళ్ళ కిందటిదాకా రోజుకో పెట్టె సిగరెట్లు కాల్చేవాడు. ఒక వానాకాలం దగ్గుతో మంచంపట్టి లేచాక మానేశాడు. మానేశానని ఆయన చెప్పాడు, ఆమె విన్నది. నమ్మిందని మాత్రం ఎవరూ చెప్పలేరు.

ఇక పిల్లి. అది ఆమెకు బస్సులోనే దొరికింది. ఒక మధ్యాహ్నం చివరి సీటు కింద కూత వినిపిస్తే వంగి చూసింది. "ఎవరిదిది?" అంటే ఎవరూ మాదనలేదు. చేతిసంచిలో వేసుకుని ఇంటికి తెచ్చింది. టికెట్ లేకుండా ఎక్కింది కదా అని భర్త నవ్వి దానికి 'వితౌట్' అని పేరు పెట్టాడు. లోకంలో ఆమె అనుమానించని ప్రాణి అదొక్కటే. మూతపెట్టిన పాలగిన్నె ఖాళీ అయినా ఆమె ముందు ఇంట్లో మనుషుల్నే అడిగేది.

రెండేళ్ళు హాయిగా తిరిగాక వితౌట్‌కు దగ్గు పట్టుకుంది. నేలకు కరుచుకుని, మెడ ముందుకు చాచి, గొంతులో ఏదో అడ్డంపడినట్టు దగ్గేది. వెంట్రుకల ఉండ కాబోలు, కక్కేస్తే పోతుందనుకున్నారు. ఏ ఉండా రాలేదు. ఒళ్ళు తగ్గి వెన్నెముక చేతికి తగలసాగింది. ఒక్క దూకులో గోడెక్కే పిల్లి మెట్ల మధ్యలో కూర్చుని రొప్పుతోంది.

పశువుల ఆసుపత్రిలో డాక్టరు దాని ఛాతీ విన్నాడు, ఎక్స్‌రే తీయించాడు. ఊపిరితిత్తుల నిండా తెల్లటి మసక.

"ఆస్తమాలా ఉందమ్మా. మాత్రలు రాస్తాను" అని, కాగితం మీంచి తలెత్తకుండానే అడిగాడు. "ఇంట్లో ఎవరికైనా సిగరెట్ అలవాటుందా? పొగ పడదు దీనికి."

ఆ ఒక్క ముక్క చాలు.

ముందువాటాలో ఉండే ఆడపడుచుకు సంగతి చెప్పింది. ఆవిడ పువ్వులు కట్టుకుంటూ విని, దారం పళ్ళతో తెంపి, "నిప్పు లేనిదే పొగ రాదు వదినా" అంది. "అన్నయ్య ఈమధ్య రోజూ మధ్యాహ్నం వెనక షెడ్డులో తలుపేసుకుంటున్నాడు. నేనేమీ అనట్లేదమ్మా. చూసింది చెప్పానంతే."

డేగమ్మ మర్నాటినుంచి పనిలో దిగింది. ఉతికే ముందు చొక్కాలు వాసన చూసింది. చెప్పుల అరలో వెతికింది. గోడవారన కాలవలో పుల్లతో కెలికింది. ఒక్క పీకైనా దొరకలేదు. దొరకలేదంటే లేదని కాదు, బాగా దాస్తున్నాడని అర్థం చేసుకుంది.

మాత్రలు వేసిన పదిరోజులు పిల్లి తేరుకుంది. డాక్టరు మాట విని భయపడి మానేశాడన్నమాట, అనుకుంది. మోతాదు తగ్గించగానే దగ్గు మునుపటికంటే ఎక్కువగా తిరగబెట్టింది. మళ్ళీ మొదలెట్టాడన్నమాట, అనుకుంది. ఎటు తిప్పినా దోషం ఒకచోటికే వచ్చి ఆగుతోంది.

ఒకరోజు పై అధికారికి తలనొప్పని చెప్పి మధ్యాహ్నమే దిగిపోయింది. ఇంటికి ముందునుంచి రాకుండా వెనక గేటు తీసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, కుండీల మధ్యనుంచి వెళ్ళి షెడ్డు తలుపు ఒక్కసారిగా తోసింది.

భర్త బోర్లించిన కుండీ మీద కూర్చునున్నాడు. ఎదురుగా బల్ల మీద తెల్లకాగితం, దానిమీద ఆవగింజలో సగం కూడా లేని పూలవిత్తనాలు, పక్కన వరసగా ఖాళీ అగ్గిపెట్టెలు. తలుపుతోపాటు గాలి కూడా లోపలికొచ్చింది. కాగితం లేచింది. మూడుగంటలపాటు రకాలవారీగా వేరుచేసిన గింజలు నేలంతా చెల్లాచెదురయ్యాయి.

"గాలికి ఎగిరిపోతాయనే తలుపేసుకుంటాను" అన్నాడాయన నెమ్మదిగా. "ఏం కావాలి?"

"ఇన్ని అగ్గిపెట్టెలెందుకు?"

"గింజలు పోసుకోవడానికి."

"ఏదో వాసనొస్తోంది."

"ఎరువు."

ఎరువు వాసనే. ఆమెకూ తెలుసు. అయినా ఒక్కో అగ్గిపెట్టె తెరిచి చూసింది. ఆయన అడ్డు చెప్పలేదు. వంగి, తడివేలికి అద్దుకుంటూ గింజలు ఒక్కొక్కటే ఏరుకోవడం మొదలుపెట్టాడు.

పిల్లి మాత్రం అలాగే దగ్గుతోంది. మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు మోతాదు పెంచుదామన్నాడు. భర్త మీద తిప్పితిప్పి అరిగిపోయిన ఆమె అనుమానం ఆరోజు డాక్టరు మీదికి మళ్ళింది.

"ఆస్తమా అని ఎలా తేల్చారు డాక్టర్ గారూ?"

"లక్షణాలున్నాయి, ఎక్స్‌రే ఉంది కదమ్మా."

"ఇవే లక్షణాలు ఇంకో జబ్బుకి ఉండవా?"

"ఉండొచ్చు. మిగతావి కాదనుకున్నాకే ఆస్తమా అంటాం."

"అనుకున్నారా, చూశారా?"

డాక్టరు చేతిలో పెన్ను ఆగిపోయింది. మంచివాడు, కసురుకోలేదు. కాసేపు ఎక్స్‌రే కేసి చూసి, "ఊపిరితిత్తుల్లో పెరిగే పురుగొకటుంది" అన్నాడు. "బయట తిరిగి నత్తల్నీ బల్లుల్నీ పిట్టల్నీ తినే పిల్లులకు పడుతుంది. ఎక్స్‌రేలో రెండూ ఇలాగే కనపడతాయి. ఆస్తమా మాత్రలకు దగ్గు కొన్నాళ్ళు అణుగుతుందిగానీ పురుగు చావదు. మలపరీక్ష చేయిస్తేగానీ తెలీదు. ముందే చేయించాల్సింది, నాదే పొరపాటు."

వరండా చివర గదిలో పరీక్షలు చేసే ఆవిడ రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. చెప్పాల్సింది గుక్క తిప్పుకోకుండా చెప్పింది. "మూడు రోజులు, మూడుసార్లు తేవాలి. తాజాగా ఉండాలి. నేలమీదది వద్దు, మట్టి అంటిందంటే మట్టిలో పురుగులు కూడా వచ్చేస్తాయి. పిల్లిని గదిలో పెట్టి, తొట్టిలో కాగితం ముక్కలు వెయ్యండి."

డేగమ్మకు సెలవు దొరకలేదు. ఆ పని భర్త మీదే పడింది. ఆయన నర్సరీ మానుకుని పిల్లితోపాటు చిన్నగదిలో కూర్చున్నాడు. పొద్దున్నే డబ్బాలో పెట్టి, మూత బిగించి, ఆసుపత్రిలో ఇచ్చొచ్చేవాడు. పరీక్షలావిడ దాన్ని పల్చటి గుడ్డలో మూటకట్టి, అడుగు బిగించి గోరువెచ్చటి నీళ్ళు పోసిన గరాటులో వేలాడదీసేది. పురుగుపిల్లలుంటే గుడ్డలోంచి నీళ్ళలోకి ఈదుకొస్తాయి. పైకి ఈదే బలం లేక గరాటు అడుక్కి జారతాయి. మర్నాడు అడుగునుంచి కాసిని నీళ్ళు వంపి మైక్రోస్కోపు కింద చూడాలి.

మొదటిరోజు నీళ్ళలో ఏమీ లేదు.

డ్యూటీ దిగి యూనిఫాంలోనే నేరుగా అక్కడికి వచ్చిన డేగమ్మ, "సరిగ్గా చూశారా?" అంది.

"ముప్ఫై ఏళ్ళనుంచీ చూస్తున్నానమ్మా. మీ టికెట్ లేనివాళ్ళు రోజూ అదే బస్సెక్కుతారా? ఇవీ అంతే. ఒకరోజు వస్తాయి, ఒకరోజు రావు. అందుకే మూడుసార్లన్నాను."

రెండోరోజూ లేదు. "చూశావా వదినా, పురుగూ లేదు, గిరుగూ లేదు" అంది ఆడపడుచు. ఆ సాయంత్రం డేగమ్మ మళ్ళీ చొక్కా వాసన చూసింది.

మూడో నమూనా ఇచ్చిన మర్నాడు ఆసుపత్రినుంచి ఫోనొచ్చింది. అది ఆమెకు వారపు సెలవురోజు. భార్యాభర్తలిద్దరూ పిల్లిని బుట్టలో పెట్టుకుని వెళ్ళారు.

"ఉన్నాయి. రండి, చూడండి" అంది పరీక్షలావిడ.

భర్త ముఖం వెలిగింది. ముందు నువ్వే చూడన్నట్టు తప్పుకుని తలుపు దగ్గర బల్ల మీద కూర్చున్నాడు. డేగమ్మ ఒక కన్ను మూసి మైక్రోస్కోపు అద్దంలోకి చూసింది. వెలుతురు నిండిన గుండ్రటి నీళ్ళలో గాజువెంట్రుకలాంటిది ఒకటి మెలికలు తిరుగుతోంది.

చూస్తుండగానే ఆమె మనసు ఇంకోవైపు మెలిక తిరిగింది. రెండురోజులు లేనిది మూడోరోజు ఎలా వచ్చింది? తెచ్చిందెవరు? పురుగు ఉందని తేలితే నింద తప్పేదెవరికి? నర్సరీలో ఆయన చుట్టూ ఉన్నదంతా మట్టే కదా, చిటికెడు కలిపితే ఎవరు చూడొచ్చారు?

గొంతు తగ్గించి పరీక్షలావిణ్ణి, "ఎవరైనా ఇందులో కాస్త మట్టి కలిపినా ఇలాగే కనపడుతుందా?" అని అడిగింది.

గొంతు తగ్గించింది గానీ గది చిన్నది. భర్త లేచాడు. పిల్లిబుట్ట తీసుకుని వరండాలోంచి నడిచి వెళ్ళిపోయాడు.

పరీక్షలావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అరలోంచి పాత స్లైడొకటి తీసి పెట్టింది. "ఇది మట్టిపురుగు. ఎప్పుడో మట్టి పడ్డ నమూనాలోది, దాచిపెట్టాను. తోక చూడండి. తిన్నగా సన్నబడిపోయింది కదా? ఇప్పుడు మీ పిల్లిది చూడండి."

డేగమ్మ చూసింది. దొంగపాసుకూ అసలు పాసుకూ అచ్చులో వెంట్రుకవాసి తేడా పట్టే కళ్ళవి. పిల్లిదాని తోక చివర వంకర తిరిగి, మళ్ళీ ఎదురువంకర తిరిగింది. ఆ మలుపులో చిన్న ముల్లు. నాలుగుసార్లు అటూ ఇటూ మార్చి చూసింది.

"వేరే" అంది చివరికి.

"వేరే. ఊపిరితిత్తుల్లో పుట్టి, దగ్గుతో గొంతులోకొచ్చి, మింగితే కడుపులోకి దిగి, ఇలా బయటపడింది. దీన్ని మట్టిలోంచి తేవడం మీ ఆయన తరం కాదు, నా తరం కాదు." స్లైడు తుడిచి లోపల పెడుతూ ఆవిడ అంది, "మట్టి సంగతి నన్నడిగారు, బాగుంది. ఆయన సంగతి కూడా నన్నే అడిగారే."

డేగమ్మ బస్సెక్కి ఇంటికొచ్చింది. దారిలో ఎవరి చేతుల్లో ఏముందో చూడలేదు.

మందు రాసిచ్చారు. భర్త రోజూ పొద్దున్నే పిల్లిని ఒళ్ళో పెట్టుకుని, దవడ పక్కనుంచి మందు నాకించేవాడు. పిల్లితో మాట్లాడేవాడు. భార్యతో మాట్లాడటం మానేశాడు. కోపమని కాదు, అడిగినదానికి ఊ అనేవాడు. అరిచినా బాగుండు అనిపించేది ఆమెకు. ఆడపడుచు ఒకరోజు కొత్త కబురుతో వచ్చింది, పక్కింటివాళ్ళు గోడమీద పిల్లికి ఏదో పెడుతున్నారని.

"నువ్వు చూసింది చాలమ్మా" అంది డేగమ్మ. "ఇంక చూడకు."

అలా అన్నదే గానీ నేరస్థుణ్ణి పట్టకపోతే ఆమెకు నిద్రపట్టదు. పురుగు పట్టింది నత్తవల్లా, బల్లివల్లా అని పరీక్షలావిణ్ణి ఫోన్‌లో అడిగింది. ఏదైనా కావచ్చు, చెప్పలేమంది ఆవిడ. కండక్టర్లు వినుంటే నవ్వేవాళ్ళు. డేగమ్మ చేతికి చిక్కకుండా దిగిపోయిన మొదటి దొంగ అదే.

తర్వాతి సెలవురోజు పొద్దున్నే ఆమె పాత డబ్బా, పటకారు పట్టుకుని నర్సరీలోకి దిగింది. కుండీల అడుగులు ఎత్తి ఒక్కో నత్తనూ పీకి డబ్బాలో వేస్తోంది. నాలుగో వరసకు వచ్చేసరికి భర్త వచ్చి నిలబడ్డాడు.

"ఏం వెతుకుతున్నావు?"

"నత్తలండీ. మిమ్మల్ని కాదు."

ఆయన అవతలి వరస కుండీలు ఎత్తసాగాడు. కాసేపటికి, "ఆరోజు అక్కడ అలా అడక్కుండా ఉండాల్సింది" అన్నాడు.

"తప్పే" అంది. ఆ మాట ఆమె నోట విని ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు.

"నమ్మమని నేననను. నీ ఉద్యోగం అలాంటిది. కానీ అనుమానమొస్తే నన్నడుగు. నా చొక్కాని, మా చెల్లెల్ని, ఆసుపత్రిలో ఆవిణ్ణి అడక్కు."

ఆమె పటకారు కింద పెట్టింది. "అయితే అడుగుతున్నాను. ఈ మూడేళ్ళలో ఒక్కటైనా కాల్చారా?"

ఆయన గొంతు సవరించుకోలేదు. కిందికీ చూడలేదు. "ఒకటి. మానేసిన మూడోవారంలో. సగం కాల్చి పారేశాను."

ఆ సగం సిగరెట్ ఎక్కడ పారేశారు, ఎవరిచ్చారు, నాకెందుకు చెప్పలేదు అని మూడు ప్రశ్నలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఆమె నోటిదాకా వచ్చాయి. పెదవి బిగించింది. అది చూసి ఆయనకు నవ్వొచ్చింది. చాలారోజుల తర్వాత.

"అడుగు, పరవాలేదు" అన్నాడు.

"వద్దులెండి" అని ఆమె తర్వాతి కుండీ ఎత్తింది.

ఆరువారాల తర్వాత మళ్ళీ మూడుసార్లు పరీక్ష చేయించారు. మూడుసార్లూ గరాటు అడుగున ఒట్టి నీళ్ళే. వితౌట్ ఒళ్ళు చేసింది. అయినా ఇంకో నెల పోయాక డేగమ్మ నాలుగో డబ్బా పట్టుకెళ్ళింది. ఈసారి భర్తను వెంట రమ్మని తనే అడిగింది.