మూడో నంబరు అట్టు

రాజశేఖర్ మాస్టారు దేన్ని చూసినా ముందు దాని రంగుకు నంబరు వేస్తారు. నన్ను మొదటిసారి చూసినప్పుడు నా చేతిలోని టీ గ్లాసు వంక చూసి, "నాలుగు. మరిగించి చంపేశాడు," అన్నారు. నా పేరు ఆ తర్వాత అడిగారు.

అది ఆయన వృత్తిదోషం. క్యాంపస్‌లో ఆయన చూసేది కోట్ల ఏళ్లనాటి సముద్రజీవుల పళ్లు, ఒక్కొక్కటి ఇసుక రేణువంత. రాయి వేడెక్కకపోతే అందులోని పన్ను లేత పసుపుగా ఉంటుంది, అది ఒకటో నంబరు. వేడెక్కిన కొద్దీ గోధుమరంగు, ఐదుకల్లా నలుపు, ఇంకా కాలితే ఏడు దగ్గర తెలుపు. మారిన రంగు వెనక్కి రాదు కనుక ఆ రాయి ఎంత కాగిందో పన్నే చెబుతుంది.

"మరి మీ జుట్టు, సార్?" అనడిగాడు జశ్వంత్ అనే విద్యార్థి.

"ఏడు," అన్నారాయన, నవ్వకుండా.

మేమంతా క్యాంపస్ బయట ప్రేమ్ బజార్‌లో ఎలీసమ్మ మెస్సులో తినేవాళ్లం. మాస్టారు మాత్రం పొయ్యికెదురుగా, పొగలో కూర్చుని పెనం మీది అట్టును చూస్తూ అరిచేవారు. "రెండు... రెండున్నర... మూడు!" ఆవిడ వెంటనే తిప్పేసేది. మాకు ప్రశాంతంగా తినే యోగం లేదు.

"సార్, అది అట్టు. తవ్వకాల్లో దొరికింది కాదు," అన్నాను ఒకసారి విసుగొచ్చి.

"అందుకే ఇంకా కాపాడవచ్చు," అన్నారు.

వేసవిలో ఆయన రాళ్ల కోసం స్పితి కొండలకు వెళ్లారు. మర్నాటి నుంచి అట్లు బొగ్గుల్లా వచ్చాయి. వారం తిరక్కుండా సగంమంది పక్క హోటల్‌కి మారిపోయారు. నేను దెబ్బలాడదామని పొయ్యి దగ్గరికి వెళ్తే, ఎలీసమ్మ పెనం మీదకి వంగి వాసన చూస్తోంది.

"ఏటి సేయను బాబూ? కన్ను మసకేసింది. మాస్టారు కేకేస్తే తిప్పీదాన్ని. తెలిస్తే ఎవులూ రారని సెప్పనేదు."

"మాస్టారికి చెప్పారా?"

"నేదు. ఆయనకాయనే అరవడం మొదలెట్టినారు."

ఫోన్ చేసి అడిగాను. "ఆమె కంటిపాప పసుపు తిరిగింది. రెండు," అన్నారు మాస్టారు. "అందరికీ చెబితే ఆమె మెస్సు పోతుంది. అరిస్తే నన్ను పిచ్చివాడంటారు. రెండోదే నయం కదా?"

నాకు ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. మర్నాడు పొయ్యికెదురు కుర్చీలో నేనే కూర్చుని అరిచాను. పోయినవాళ్లు తిరిగొచ్చారు. తర్వాత అందరం వంతులవారీగా మెస్సు నడిపి, ఆవిడకు కంటి ఆపరేషన్ చేయించాం.

మాస్టారు తిరిగొచ్చిన రోజున ఎలీసమ్మ ఆయన్ని తేరిపార చూసింది. "అయ్యో మాస్టారూ, మీ జుట్టు ఇంత తెల్లగున్నాదేటి!"

"ఏడు," అన్నారు.

ఆవిడ అట్టు పోసింది. అది చక్కగా ఎర్రబడింది. అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడింది.

"తిప్పండమ్మా, ఇప్పుడు కనబడుతోంది కదా!" అన్నాను.

"ఉండు బాబూ. మాస్టారు అనాల."

మాస్టారు పేపర్లోంచి తల ఎత్తలేదు. అట్టు వంక చూడనైనా లేదు.

"మూడు," అన్నారు.