ఫ్లారెన్స్ సిస్టర్ ఈరోజు చేసిన తప్పు

ముందు చక్రం వచ్చేది. కిర్రు, కిర్రు అని మందుల ట్రాలీ చక్రం. ఆ చప్పుడు వరండా మలుపు తిరిగేసరికి వార్డులో పడుకున్నవాళ్ళు లేచి కూర్చునేవాళ్ళు, కూర్చున్నవాళ్ళు దిండు కింద వక్కపొడి దాచేవాళ్ళు, కిటికీలో పావురం కూడా కాస్త సర్దుకునేది. ఆ తర్వాతే తెల్లచీర, మందపాటి కళ్ళద్దాలు, ఫ్లారెన్స్ సిస్టర్.

మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో ఉన్న మా చిన్న ఆసుపత్రికి ఆమె హెడ్ నర్సు. నేను మందుల కౌంటర్లో మనిషిని. ఆమెకు ఒకే ఒక్క అలవాటు ఉండేది. తను చేసిన తప్పును రోజూ పొద్దున పదిమంది ముందు ప్రకటించడం. ప్రార్థన కూడా చేసేది గానీ, అది ఇంట్లో చేసుకుని వచ్చేది.

రాత్రి డ్యూటీ వాళ్ళు దిగి, పగటి డ్యూటీ వాళ్ళు ఎక్కే వేళ అందరం నర్సుల గదిలో నిలబడతాం. "ఎవరికైనా చెప్పేదుందా?" అని డాక్టర్ జయరత్నం అడుగుతారు. వెంటనే అందరికీ గోడ మీది క్యాలెండరు చాలా అందంగా కనిపిస్తుంది. మా దగ్గర మందుల పొరపాట్లు జరగవని కాదు, జరిగినట్టు చెప్పుకోం. తప్పు చేసినవాళ్ళు ఎలాగో బతికిపోతారు, చెప్పినవాళ్ళే చిక్కుకుంటారు అన్న సంగతి ఉద్యోగంలో చేరిన వారంలోనే ఎవరూ నేర్పకుండా వచ్చేస్తుంది.

ఆ నిశ్శబ్దంలో సిస్టర్ గొంతు సవరించుకునేది.

"నేనొక తప్పు చేసినా."

కూతురి పెళ్ళికి పిలవడానికి వచ్చిన మనిషి గొంతు అది.

"తిండికి ముందు ఇయ్యాల్సిన మాత్ర, గంగప్పకు ఇడ్లీ తిన్నాక ఇచ్చినా."

"ఎన్ని ఇడ్లీలు?" అన్నారు డాక్టరు.

"ఒకటి. రెండోది తుంచినాడు. నోట్లో పెట్టలేదు."

మరునాడు దగ్గుమందు మూతతో కొలవకుండా స్పూనుతో పోశానంది. ఆ మరునాడు, "పక్క డబ్బా మీదికి చెయ్యి పోయింది. తీసుకోలేదు. కానీ పోయింది" అంది.

"చెయ్యి పోవడం కూడా తప్పేనా సిస్టర్?" అని నేను అడిగాను.

"చెయ్యి నాదే కదప్పా" అంది ఆమె.

డాక్టర్ జయరత్నం ఒకసారి ఉండబట్టలేక, "ఈ చుట్టుపక్కల మీ అంత జాగ్రత్త మనిషి లేదు. మీకే రోజూ తప్పులెలా జరుగుతాయి?" అన్నారు.

"జాగర్తగా ఉండబట్టే కదా డాక్టర్, కనపడతాండేది."

ఆమె భర్త ఎరిక్ గారు డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. అలవాటు ఇంటికి కూడా వచ్చిందని ఆయన బాధ. "కూర బాగుంటే నాకు బయమప్పా" అనేవాడు. "ముద్ద నోట్లో పెట్టినాక, నేనొక తప్పు చేసినా అంటాది. మింగాల్నా, ఉమ్మాల్నా తెలీదు. అడిగితే, ఏం లేదు, ఆవాలు రెండు తూర్లు ఏసినా అంటాది."

రోగులకు మొదట్లో గుబులు పుట్టేది. చౌడేపల్లెలో ఆవులు మేపుకునే గంగప్ప, ప్రకటించిన ఇడ్లీ సంగతి తనదేనని తెలిసి కౌంటరు దగ్గరికి వచ్చాడు.

"ఆయమ్మ దినామూ తప్పు చేస్తాందంట. నాకు సూది ఇంకెవురైనా ఏస్తే బాగుంటాదప్పా."

"అట్లాగే" అన్నాను.

మరుసటి రోజు మళ్ళీ వచ్చాడు. రాత్రంతా ఆలోచించిన ముఖం.

"ఆయమ్మే ఏయనీలే. మిగతావాళ్ళు చేస్తారో చేయరో, మనకు చెప్పరు కదా."

ఈ వ్యవహారం వల్ల నిజంగా చిక్కిపోయిన మనిషి కొత్త మేనేజరు అమర్‌నాథ్. ఆయన వస్తూ వస్తూనే గేటు దగ్గర ఇంత పొడుగు బోర్డు పెట్టించాడు. 'మందుల పొరపాట్లు లేని ఆసుపత్రి'. పొరపాటు చేసినవాళ్ళు ఇంటికి పోవచ్చని కూడా మీటింగులో చెప్పాడు. బోర్డు రంగు ఆరకముందే సిస్టర్, నిద్రమాత్ర వేయడానికి ఒక పెద్దాయన్ని నిద్ర లేపానని ప్రకటించింది.

"సిస్టర్, కనీసం ఈ ఒక్క వారం" అన్నాడు అమర్‌నాథ్.

"బోర్డు పెట్టుకోప్పా. నేనేమైనా అడ్డమొచ్చినానా?" అంది ఆమె, ట్రాలీ తోసుకుంటూ.

ఆ రోజుల్లోనే కుప్పం నుంచి వనిత వచ్చింది. కొత్త నర్సు. మెత్తని పిల్ల. ఎవరైనా గట్టిగా తుమ్మినా తనదే తప్పేమో అని చూసేది. అదే ఆమె మొదటి ఉద్యోగం. ఆడవాళ్ళ వార్డులో రాత్రి డ్యూటీ.

ఆ వార్డులో ఇద్దరు మునెమ్మలు ఉన్నారు. మా పక్క మునీశ్వరుడికి మొక్కుకుంటే పుట్టిన ఆడపిల్లలంతా మునెమ్మలే కాబట్టి, ఇద్దరే ఉన్నారంటే వార్డు ఖాళీగా ఉన్నట్టు లెక్క. చౌడేపల్లె మునెమ్మది షుగర్ జబ్బు. పెద్దపంజాణి మునెమ్మకు షుగర్ లేదు, పిత్తాశయంలో రాళ్ళు ఉన్నాయి. పొద్దున పదింటికి ఆపరేషన్. రాత్రి నుంచి ఏమీ తినలేదు.

మా రోగులకు ఒక పద్ధతి ఉంది. మేమిచ్చిన మంచాల మీద పడుకోరు. లైట్లు తగ్గించగానే ఊర్ల వారీగా సర్దుకుంటారు. పెద్దపంజాణి మునెమ్మకు తమ ఊరావిడ అవతలి వరసలో, చౌడేపల్లె మునెమ్మ పక్క మంచం మీద కనిపించింది. ఆవిడకు పెళ్ళీడు కూతురు, ఈమెకు కొడుకు. ఇక మంచం మార్చుకోక తప్పలేదు. ఈమె మంచానికి ఫ్యాను దగ్గరగా ఉందని చౌడేపల్లె మునెమ్మ సంతోషంగా ఒప్పుకుంది. సంబంధం దాదాపు కుదిరింది. పేరూ మందులూ రాసిన అట్టలు మాత్రం పాత మంచాల తలాపునే ఉండిపోయాయి.

తెల్లారి వనిత షుగర్ మాత్ర తెచ్చింది. అట్ట చూసింది. పద్ధతి ప్రకారం పేరు కూడా అడిగింది.

"మునెమ్మేనా?"

"మునెమ్మేనమ్మా" అని మునెమ్మ మాత్ర మింగింది. మా వైపు వాళ్ళు ఆసుపత్రిలో ఏమిచ్చినా ప్రసాదంలా తీసుకుంటారు.

కాసేపటికి ఎదుటి వరస నుంచి చౌడేపల్లె మునెమ్మ పిలిచింది. "ఏమ్మా, నా షుగర్ మాత్ర యాడ?"

వనిత రెండు మంచాల అట్టలూ, రెండు ముఖాలూ మార్చి మార్చి చూసింది. ఆకలితో ఉన్న మనిషికి ఆ మాత్ర షుగర్ దించేస్తుంది. మత్తులో ఉండగా దిగితే, చెప్పుకోవడానికి ఆ మనిషికి మెలకువ ఉండదు. చెబితే మునెమ్మ బతుకుతుంది, ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఏమీ కాకపోవచ్చు కూడా. ఆ 'కూడా'ను పట్టుకుని నర్సుల గదిలోకి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. ఇదంతా తర్వాత ఆమే నాకు చెప్పింది.

"ఎవరికైనా చెప్పేదుందా?" అన్నారు డాక్టరు.

అందరం క్యాలెండరు చూశాం. ఫ్లారెన్స్ సిస్టర్ మాత్రం వనితను చూసింది. గొంతు సవరించుకుంది.

"నేనొక తప్పు చేసినా. చుక్కల మందు ఎడమ కంట్లో ఎయ్యాల్సింది, కుడి కంటి దాకా పోయినా."

మామూలుగా అక్కడితో అయిపోతుంది. ఆమె ఆగలేదు.

"ఇంకొకటి కూడా ఉండాది. సెలైన్ సీసా మార్చేది ఆలీసమైంది."

అమర్‌నాథ్ తల పట్టుకున్నాడు. "సిస్టర్, మీటింగు ముగిద్దామా?"

"యాల తొందరప్పా. అసలుది చెప్పనీ." ఆమె గొంతు తగ్గింది. "ఒగరి మాత్ర ఇంగొగరికి ఇచ్చినా. నిలబడిన పాట్నే పోయి డాక్టర్‌కు చెప్పినా. ఆ మనిషికి ఏమీ కాలేదు. నాకూ ఏమీ కాలేదు. సూడండి, ఈడనే ఉండా."

గోడ దగ్గర్నుంచి చిన్న గొంతు వచ్చింది.

"నేను కూడా సిస్టర్."

ఏ మాత్ర, ఎవరికి అని మాత్రం అడిగి, డాక్టర్ జయరత్నం మిగతాది వినకుండానే వార్డుకు నడిచారు. పెద్దపంజాణి మునెమ్మకు అప్పటికే చెమటలు పడుతున్నాయి. సంబంధం కుదిరిన సంతోషం వల్ల అనుకుంటోంది. గ్లూకోజ్ ఎక్కించారు, ఆపరేషన్ మరునాటికి వాయిదా వేశారు. జరిగింది చెబితే ఆమె అంతా విని, "అయితే ఇప్పుడు ఇడ్లీ తినొచ్చు కదా?" అని మాత్రం అడిగింది.

గదిలో అమర్‌నాథ్ లేచి నిలబడ్డాడు. "వనితా, రూలు ప్రకారం నువ్వు..."

"వరసలో రావాల కదప్పా" అంది ఫ్లారెన్స్ సిస్టర్. "ఆ పాపది ఒగటే. ముందర నావి ఉండాయి. నన్ను పంపించేది అయినాక ఆ పాప సంగతి సూడు."

అమర్‌నాథ్ ఆమె తప్పులన్నీ మనసులో లెక్క వేయబోయి మధ్యలోనే కూర్చున్నాడు. ఆ వారంలో గాలివానకు గేటు దగ్గరి బోర్డు పడిపోయింది. నిలబెట్టమని ఆయన ఎవరికీ చెప్పలేదు. వార్డులో రోగుల చేతికి పేరూ ఊరూ రాసిన పట్టీ కట్టడం మాత్రం మొదలుపెట్టించాడు.

ఆ తర్వాత పొద్దుటి పూట గొంతులు సవరించుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. ఒకరోజు జయరత్నం గారు కూడా సవరించుకున్నారు.

సిస్టర్ రిటైరైన రోజు పుంగనూరు బస్సు దాకా నేను సంచి మోసుకెళ్ళాను. బస్సు కనిపించాక అడిగాను.

"సిస్టర్, ఒక్క మాట. అవన్నీ నిజంగా చేసిన తప్పులేనా?"

ఆమె కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. మెట్టెక్కి, కడ్డీ పట్టుకుని వెనక్కి తిరిగింది.

"పొద్దున్నే ఎవురో ఒగరు బోణీ చేయాల కదప్పా. రేపటి నుంచి నువ్వు చెయ్యి. నీ దగ్గర సరుక్కేం కొదవ?"